పాత హాట్ రాడ్‌కి అప్పటి కాలం బ్రేకులే వేయాలంటే: ఏం మార్చాలి, ఎక్కడ రాజీ పడకూడదు?

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. మీ చేతిలో 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోన్ ఉందనుకోండి. ఫుల్ ఛార్జ్‌లో దాంట్లో ఉండే ఎనర్జీ దాదాపు 19 వాట్ అవర్లు, అంటే సుమారు 70 కిలోజౌళ్లు. ఇప్పుడు టన్ను బరువున్న ఒక కారు గంటకు 60 కిలోమీటర్ల స్పీడ్‌లో వెళ్తోంది. దాన్ని ఆపాలంటే బ్రేకులు దాదాపు 139 కిలోజౌళ్లను వేడిగా మార్చాలి. అంటే రెండు ఫోన్ల బ్యాటరీలంత ఎనర్జీ.

మరి స్పీడ్ 120 అయితే? నాలుగు ఫోన్లు అనుకుంటున్నారా? కాదు, ఎనిమిది! స్పీడ్ రెట్టింపైతే ఎనర్జీ నాలుగు రెట్లవుతుంది. ఆ ఎనిమిది బ్యాటరీల ఎనర్జీని ఓ 5 సెకన్లలో ఖాళీ చేయాలంటే సగటున 111 కిలోవాట్లు. మన 65 వాట్ల ఫాస్ట్ ఛార్జర్లు 1700 ఒకేసారి పనిచేస్తే ఎంతో అంత. బ్రేకులు చేసే పని ఇది.

ఇప్పుడు ఇదే పనిని 1932లో తయారైన, ఇనప కడ్డీలతో పనిచేసే బ్రేకులకి అప్పజెప్పి, ఇంజిన్‌ని మాత్రం డబుల్ పవర్‌కి ట్యూన్ చేస్తే ఎలా ఉంటుంది? ఈరోజు టాపిక్ అదే. మన సైట్‌లో రోజూ ప్రాసెసర్లు, కెమెరాలు, బ్యాటరీల గురించి మాట్లాడుకుంటాం కదా, ఈసారి గ్యాడ్జెట్ కాస్త పెద్దది: 1932 ఫోర్డ్ హాట్ రాడ్. అప్‌గ్రేడ్ చేయాలి, కానీ ఆ కాలంలో దొరికే పార్టులతోనే చేయాలి. ఎలా?

ముందు బేసిక్స్: హాట్ రాడ్ అంటే ఏంటి?

అమెరికాలో, ముఖ్యంగా దక్షిణ కాలిఫోర్నియాలో, 1930లు, 40లలో కుర్రాళ్లు సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ కార్లు చవగ్గా కొని, బరువు తగ్గించడానికి ఫెండర్లు పీకేసి, ఇంజిన్ ట్యూన్ చేసి మురాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద రేసులు పెట్టుకునేవాళ్లు. ఆ రేసుల్ని ఒక పద్ధతిలో పెట్టడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పుట్టింది. 1948 జనవరిలో ‘హాట్ రాడ్’ మ్యాగజైన్ మొదలైంది. ఈ కార్లలో అందరికీ ఇష్టమైనది 1932 ఫోర్డ్. ఎందుకంటే సామాన్యుడు కొనగలిగే ధరలో వి8 ఇంజిన్ ఇచ్చిన కారు అది. స్టాక్ పవర్ 65 హార్స్‌పవర్.

1939లో వచ్చిన మెర్క్యురీ కారు వి8 ఇంజిన్ పవర్ 95 హార్స్‌పవర్. అదీ ఇదీ ఒకే కుటుంబం కాబట్టి దాన్ని తెచ్చి 1932 బాడీలో దించేవాళ్లు. పైన రెండు కార్బ్యురేటర్లు, హై కంప్రెషన్ హెడ్లు. ఇంజిన్ అప్‌గ్రేడ్ అయింది సరే. ఆపేదెవరు?

పీరియడ్ కరెక్ట్ అంటే?

కారుకి ఒక కటాఫ్ డేట్ పెట్టుకోవడం. ఉదాహరణకి ‘ఈ కారు 1949లో ఒక కుర్రాడు కట్టుకున్నట్టు ఉండాలి’ అనుకున్నామంటే, 1949లో యార్డులో గానీ షాపులో గానీ దొరకని పార్టు ఏదీ కంటికి కనపడకూడదు. 1975 డిస్క్ బ్రేకు పెడితే బండి బాగా ఆగుతుంది, కానీ అది 1949 కారు కాదు.

ఈ పిచ్చి నాకు ఎలా అంటుకుందో చెప్తా. నేను కాలిఫోర్నియాలో ప్రాజెక్ట్ మీద ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒక సీనియర్ ఇంజినీర్ ఉండేవారు. ఆయన గ్యారేజీలో ఒక 1932 రోడ్‌స్టర్ ఉంది. శనివారాలు వెళ్లి స్పానర్లు అందించడం నా డ్యూటీ. “నువ్వు పాత సర్వర్‌ని ఆపకుండా మాడ్యూల్స్ ఒక్కొక్కటీ మారుస్తావు కదా, నేను చేసేదీ అదే” అనేవారాయన. నాకు అప్పుడు లైట్ వెలిగింది. మోడర్న్ కిట్ కొని బిగించడం సులువు. పాత సిస్టమ్‌లో ఏది దేనితో కలుస్తుందో తెలుసుకుని, ఆ పరిధిలోనే బెస్ట్ తీయడం కష్టం. అందులోనే మజా ఉంది.

ఒరిజినల్ బ్రేకులతో సమస్య ఏంటి?

1932 ఫోర్డ్‌లో నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. కానీ పెడల్ నుంచి చక్రం దాకా ఫోర్స్‌ని తీసుకెళ్లేది ఆయిల్ కాదు, ఉక్కు కడ్డీలు. స్కూటర్ వెనక బ్రేకు చూశారు కదా, లివర్ లాగితే కేబుల్ లాగుతుంది, డ్రమ్ లోపల కామ్ తిరిగి షూలు విచ్చుకుంటాయి. అదే ఐడియా, కాకపోతే నాలుగు చక్రాలకి, కేబుల్ బదులు కడ్డీతో.

స్కూటర్‌కి అప్పుడప్పుడూ నట్ తిప్పి బ్రేకు బిగిస్తాం. ఇక్కడ అదే పని నాలుగు చోట్ల, నాలుగూ సమానంగా ఉండేలా చేయాలి. ఒక చక్రం దగ్గర కడ్డీ జాయింట్ కాస్త అరిగినా, ఒక షూ కొంచెం ముందు తగిలినా, బ్రేకు కొట్టగానే బండి ఒక పక్కకి లాగేస్తుంది. పైగా ముందు చక్రాలు స్ప్రింగ్ మీద పైకీ కిందకీ ఆడుతుంటాయి, స్టీరింగ్‌తో పక్కలకీ తిరుగుతాయి. కడ్డీ పొడవు మాత్రం మారదు.

నిజానికి అప్పటికే హైడ్రాలిక్ బ్రేకులు కొత్తేం కాదు. డ్యూసెన్‌బర్గ్ 1921లోనే నాలుగు చక్రాలకీ ఇచ్చింది. క్రైస్లర్ 1924లో ఇచ్చింది. షెవ్రొలే 1936లో మారింది. ఫోర్డ్ మాత్రం 1938 మోడల్ దాకా మెకానికల్‌తోనే నెట్టుకొచ్చి, 1939 మోడల్‌తో హైడ్రాలిక్‌కి వచ్చింది. ఆ మార్పే హాట్ రాడర్లకి వరమైంది. యాక్సిడెంట్ అయిన 1939, 40 ఫోర్డ్ కార్లు యార్డులకి రావడం మొదలవగానే, వాటి బ్రేకులు ఊడదీసి 1932 కార్లకి బిగించారు. వాళ్ల భాషలో వాటి పేరు ‘జ్యూస్ బ్రేక్స్’. జ్యూస్ అంటే బ్రేక్ ఆయిలే.

హైడ్రాలిక్ ఎందుకు బెటర్? లెక్క చూడండి

ఇంటర్‌లో చదివిన పాస్కల్ సూత్రం గుర్తుందా? మూసి ఉన్న ద్రవంలో ఒక చోట ప్రెజర్ పెంచితే అన్ని చోట్లా సమానంగా పెరుగుతుంది. నాలుగు చక్రాలకీ సమానంగా బ్రేకు పంచే పనిని మెకానిక్ చెయ్యి నుంచి ఫిజిక్స్ చేతికి ఇచ్చేశారన్నమాట.

మీరు పెడల్ మీద 30 కేజీల బలంతో తొక్కారనుకుందాం. పెడల్ రేషియో 6:1 అయితే మాస్టర్ సిలిండర్ పిస్టన్ మీద 180 కేజీలు పడతాయి. పిస్టన్ వ్యాసం 1 అంగుళం అంటే వైశాల్యం దాదాపు 5.07 చదరపు సెంటీమీటర్లు. ప్రెజర్ చదరపు సెంటీమీటర్‌కి 35.5 కేజీలు. చక్రం దగ్గర సిలిండర్ వ్యాసం 1.25 అంగుళాలు అయితే ఒక్కో షూ మీద పడే బలం 281 కేజీలు.

ఇప్పుడు మాస్టర్ సిలిండర్ పెద్దది వేస్తే ఇంకా బాగుంటుందా? ఇక్కడే చాలామంది తికమకపడతారు. మాస్టర్ సిలిండర్ పెద్దదైతే ప్రెజర్ తగ్గుతుంది! పెడల్ కొంచెం తొక్కితే చాలు గట్టిగా తగులుతుంది, కానీ ఆగడానికి ఎక్కువ బలం కావాలి. చిన్నదైతే ప్రెజర్ పెరుగుతుంది, కానీ పెడల్ ఎక్కువ దూరం కిందకి దిగుతుంది. పెడల్ గట్టిగా ఉంది కదా అని బ్రేకు బాగుందనుకోకూడదు. పెడల్ రేషియో, మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్, ఈ మూడూ కలిపి చూడాలి.

ఆప్షన్ 1: 1939–48 ఫోర్డ్ హైడ్రాలిక్స్

ఇది బేస్ వేరియంట్. 1940ల హాట్ రాడ్ అంటే ముందు గుర్తొచ్చే సెటప్ ఇదే. 12 అంగుళాల డ్రమ్ములు, లాక్‌హీడ్ డిజైన్. లోపల రెండు షూలు, ప్రతి షూకీ కింద దాని సొంత పిన్. ముందుకి వెళ్తున్నప్పుడు ఒక షూని డ్రమ్ తిరుగుడు తనలోకి లాక్కుంటుంది, అంటే అది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. రెండో షూని మాత్రం తోసేస్తుంది. కాబట్టి పనిలో ఎక్కువ వాటా మొదటి షూదే.

ప్లస్: నమ్మకమైన డిజైన్, అసలు సిసలు లుక్, ఫోర్డ్ నుంచి ఫోర్డ్‌కే కాబట్టి ఫిటింగ్‌లో తలనొప్పి తక్కువ. మైనస్: అడ్జస్ట్‌మెంట్. పై కామ్‌లు, కింది పిన్లు రెండూ సెట్ చేసి, షూ వంపు డ్రమ్ వంపుతో సరిగ్గా కలిసేలా చూడాలి. ఓపికలేని వాళ్లు పై కామ్‌లు మాత్రం తిప్పి వదిలేస్తారు, తర్వాత ‘ఈ బ్రేకులు పట్టవు’ అంటారు. చాలాసార్లు తప్పు డిజైన్‌ది కాదు, సెటప్‌ది.

ఆప్షన్ 2: లింకన్ బెండిక్స్, ఫోర్డ్ ఎఫ్-1

ఇది ప్రో వేరియంట్. 1940ల లింకన్ కార్లకి వచ్చిన 12 అంగుళాల బెండిక్స్ బ్రేకుల్లో కిటుకు వేరు. రెండు షూలకీ కింద విడివిడి పిన్నులుండవు. మధ్యలో పళ్లచక్రం ఉన్న ఒక అడ్జస్టర్ రెండింటినీ కలుపుతుంది. పైన ఒకే ఒక యాంకర్ పిన్. బ్రేకు తొక్కగానే ముందు షూ డ్రమ్‌కి తగిలి దాంతోపాటు కొంచెం తిరుగుతుంది, ఆ కదలికతో వెనక షూని డ్రమ్ మీదకి గట్టిగా నొక్కుతుంది. అంటే తిరిగే చక్రమే తన్ను తాను ఆపుకోవడానికి సాయం చేస్తుంది. బూస్టర్ లేదు, ఎలక్ట్రానిక్స్ లేవు. అదే పెడల్ బలానికి ఎక్కువ బ్రేకింగ్.

1948లో వచ్చిన ఫోర్డ్ ఎఫ్-1 పికప్ ట్రక్కు ముందు బ్రేకులదీ ఇదే కుటుంబం, డ్రమ్ 11 అంగుళాలు. 1949 ఫోర్డ్ కార్లు కూడా ఈ పద్ధతికే మారాయి. మీ కటాఫ్ 1949 అయితే ఇవన్నీ లీగల్ అన్నమాట.

బిగించేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి. రెండు షూలూ ఒకేలా ఉండవు. లైనింగ్ పొట్టిగా ఉన్నది ప్రైమరీ, అది బండి ముందు వైపు. లైనింగ్ పొడుగ్గా ఉన్నది సెకండరీ, అది వెనక వైపు. తారుమారు చేస్తే కంటికి తేడా తెలీదు, రోడ్డు మీద తెలుస్తుంది. ఇంకో మైనస్ కూడా ఉంది. తన బలాన్ని తనే పెంచుకునే బ్రేకు కాబట్టి, లైనింగ్‌కి నూనె తగిలినా, రెండు వైపులా లైనింగ్ వేరువేరుగా ఉన్నా ఆ తేడా కూడా పెరిగిపోయి బండి పక్కకి లాగుతుంది.

ఆప్షన్ 3: బ్యూక్ రెక్కల డ్రమ్ములు

మీ కటాఫ్ 1950ల చివరికి జరిగితే ఇంకో సరుకు దొరుకుతుంది: బ్యూక్ అల్యూమినియం డ్రమ్ములు. 12 అంగుళాలు, లోపల షూ రాసుకునే చోట పోత ఇనుము, బయట అల్యూమినియం, చుట్టూ రెక్కలు. గేమింగ్ పీసీ ప్రాసెసర్ మీద హీట్‌సింక్ ఎందుకుంటుందో ఈ రెక్కలూ అందుకే.

డ్రమ్ బ్రేకు అసలు శత్రువు వేడి. డ్రమ్ వేడెక్కితే వ్యాకోచించి షూకి దూరం జరుగుతుంది, పెడల్ కిందకి దిగుతుంది. అదే సమయంలో లైనింగ్ పట్టు కూడా తగ్గుతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే కాసేపటికి ‘బ్రేకు పట్టట్లేదు’ అనిపిస్తుందే, అదే ఇది. మన ఫోన్ వేడెక్కి పెర్ఫార్మెన్స్ తగ్గించుకున్నట్టే. కాకపోతే ఫోన్‌లో ఫ్రేమ్స్ పడిపోతాయి, ఇక్కడ బండి ఆగదు.

డిస్క్‌లో ఈ జరిగిపోయే సమస్య లేదు, డిస్క్ వేడెక్కితే ప్యాడ్ వైపుకే వ్యాకోచిస్తుంది. 1953లో జాగ్వార్ డిస్క్ బ్రేకులతో ల మాన్స్ 24 గంటల రేసు గెలిచాక ప్రపంచమంతా అటే తిరిగింది. కానీ మన సబ్జెక్ట్ పాత హాట్ రాడ్. కాబట్టి డ్రమ్‌లోనే వేడిని ఎంత బాగా బయటికి పంపాలో చూడాలి, బ్యూక్ డ్రమ్ ఇచ్చే సమాధానం అదే.

కంపాటిబిలిటీ చెక్‌లిస్ట్

ర్యామ్ కొనేముందు మదర్‌బోర్డు సపోర్ట్ చేస్తుందా అని చూస్తాం కదా, ఇక్కడా అంతే.

వీల్ బోల్టులు: 1939 ఫోర్డ్‌కి హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి కానీ, దాని ఐదు బోల్టుల వలయం చాలా పెద్దది, 10.25 అంగుళాలు. 1940 నుంచి 5.5 అంగుళాలకి మారింది. 1932 చక్రాలదీ 5.5 అంగుళాలే. అందుకే డ్రమ్ములు 1940–48వి వెతుక్కుంటారు. ఇక్కడా చిన్న మెలిక ఉంది. పాత కమ్మీల చక్రాలని తర్వాతి డ్రమ్ముల మీద నేరుగా బిగిస్తే మధ్యలో ఆనాల్సిన చోట ఆనవు, సపోర్ట్ రింగు వేయాలి. ఈ గొడవ లేకుండా 1940 ఫోర్డ్ 16 అంగుళాల స్టీల్ చక్రాలే వేసేసినవాళ్లు ఆ రోజుల్లోనూ బోలెడుమంది.

స్పిండిల్: ముందు చక్రం తిరిగే ఇరుసు ముక్క. 1937–41 ఫోర్డ్ స్పిండిల్స్ పాత యాక్సిల్‌కి పడతాయి, వాటికి హైడ్రాలిక్ బ్యాకింగ్ ప్లేట్లు చక్కగా కూర్చుంటాయి. 1932 స్పిండిల్సే ఉంచుకోవాలంటే అడాప్టర్లు, స్పేసర్లు కావాలి. బోల్టు రంధ్రాలు కలిశాయి కదా అని ఆగిపోవద్దు, బేరింగులు, డ్రమ్‌కీ ప్లేట్‌కీ మధ్య గ్యాప్ కూడా కొలవాలి.

పెడల్స్: 1932 పెడల్ కడ్డీలని లాగడానికి చేసింది, మాస్టర్ సిలిండర్‌ని తోయడానికి కాదు. అందుకే 1939 ఫోర్డ్ పెడల్ సెట్, దానికి తగిలించిన మాస్టర్ సిలిండర్‌తో సహా, హాట్ రాడర్లకి బంగారం లాంటిది. ఫ్లోర్ కింద ఉంటుంది, పైకి కనపడదు.

వెనక హ్యాండ్ బ్రేకు: కడ్డీలు తీసేశాక హ్యాండ్ బ్రేకు కూడా పోయిందేమో చూసుకోండి. 1939–48 ఫోర్డ్ వెనక బ్రేకుల్లో హ్యాండ్ బ్రేకు కేబుల్‌కి ఏర్పాటు ఉంటుంది. దాన్ని కనెక్ట్ చేయకుండా వదిలేసే బండ్లు చూస్తే భయమేస్తుంది. కారణం కింద చెప్తాను.

పాతవి వాడకూడనివి ఇవే

నా అభిప్రాయంలో ఈ ఆర్టికల్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. పీరియడ్ కరెక్ట్ అనే మాట డిజైన్‌కి, లోహానికి వర్తించాలి. రబ్బరుకీ, లైనింగ్‌కీ, ఆయిల్‌కీ వర్తించకూడదు.

రబ్బరు: 70 ఏళ్ల కిందటి ‘కొత్త, డబ్బా తెరవని’ వీల్ సిలిండర్ కప్పులు, హోస్‌లు దొరికాయని కొందరు సంబరపడతారు. షోకేస్‌లో పెట్టుకోండి, బండికి వద్దు. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది.

లైనింగ్: పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ ధూళి పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. పాత డ్రమ్ విప్పగానే ఎయిర్ గన్‌తో ఊదడం, పొడి బ్రష్‌తో దులపడం అస్సలు చేయకూడదు. తడిపి తుడవాలి, సరైన మాస్క్ ఉండాలి. తర్వాత ఆ షూలకే ఆస్బెస్టాస్ లేని కొత్త లైనింగ్ వేయించాలి. బయటికి షూ పాతదే, పని చేసేది కొత్తది.

పైపులు: మామూలు రాగి పైపు వంచడం సులువు, అందుకే కొందరికి టెంప్టేషన్. కానీ వణుకుడుకి అది గట్టిపడి చిట్లుతుంది. స్టీల్ గానీ, బ్రేకుల కోసమే చేసిన రాగి నికెల్ మిశ్రమం గానీ వాడాలి, చివర్లు డబుల్ ఫ్లేర్ చేయాలి.

డ్రమ్: లేత్ మీద తిప్పి గుండ్రంగా చేయించవచ్చు. కానీ మొత్తం మీద ఎంత అరగవచ్చో ఒక లిమిట్ ఉంది, సాధారణంగా వ్యాసంలో ఒకటిన్నర మిల్లీమీటర్. అది దాటితే పల్చబడి వేడికి పగులుతుంది. పాత డ్రమ్ కొనేముందు అందం కాదు, లోపలి కొలత అడగండి.

ఆయిల్: డాట్ 3, డాట్ 4 గ్లైకాల్ ఆయిళ్లు. గాలిలో తేమ పీల్చుకుంటాయి, తేమ చేరితే మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డాట్ 3కి రూల్ ప్రకారం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ చేరాక కనీసం 140. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ఆవిరి నలుగుతుంది, పెడల్ నేలకి తగులుతుంది. డాట్ 5 సిలికాన్ ఆయిల్ తేమ పీల్చదు, పెయింట్‌ని తినదు, అందుకే షెడ్‌లో ఎక్కువకాలం ఉండే బండ్లకి కొందరు వాడతారు. కానీ దాన్ని డాట్ 3, 4తో కలపకూడదు.

ఒక పైపు పగిలితే?

ఇప్పుడు అసలు ప్రశ్న. 1939–48 ఫోర్డ్ మాస్టర్ సిలిండర్‌లో సర్క్యూట్ ఒక్కటే. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. మన భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. బ్యాకప్ సర్వర్ లేని ప్రొడక్షన్ సిస్టమ్. మిగిలేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే. అది కనెక్ట్ చేయని బండి చూస్తే భయమేస్తుందని అందుకే అన్నాను.

ముందు, వెనక చక్రాలకి విడివిడి సర్క్యూట్లు ఉన్న డ్యూయల్ మాస్టర్ సిలిండర్‌ని క్యాడిలాక్, అమెరికన్ మోటార్స్ 1962 మోడల్స్‌లో తెచ్చాయి. 1968 నుంచి అమెరికాలో కొత్త కార్లకి ఇలాంటి స్ప్లిట్ సిస్టమ్ తప్పనిసరి అయింది. అంటే 1949 కటాఫ్ కారులో ఇది ఉండకూడదు. రూల్ ప్రకారం అది మోసమే.

నేనైతే ఈ మోసం చేస్తాను. మాస్టర్ సిలిండర్ ఎలాగూ ఫ్లోర్ కిందే ఉంటుంది, వంగి చూస్తే తప్ప కనపడదు. చక్రాల దగ్గర కనిపించే డ్రమ్ములు, బ్యాకింగ్ ప్లేట్లు, పెడల్స్ అన్నీ అప్పటివే ఉంటాయి. ఎవరైనా అడిగితే ‘అదొక్కటీ కొత్తది’ అని చెప్పేస్తే సరిపోతుంది. మా సీనియర్ మాత్రం ఒప్పుకోలేదు. సింగిలే ఉంచారు. బదులుగా నాలుగు హోస్‌లూ, పైపులన్నీ కొత్తవి వేశారు, హ్యాండ్ బ్రేకు బాగు చేశారు, బండి తీసే ప్రతిసారీ కింద మరకలు చూస్తారు, హైవే ఎక్కరు. అది ఆయన తెలిసి తీసుకున్న నిర్ణయం. అయితే ఇంకో మాట కూడా అనాలి: ఎదురుగా రోడ్డు దాటుతున్న వాళ్లకి ఆ కటాఫ్ డేట్‌తో సంబంధం లేదు. వాళ్ల అనుమతి మనం అడగం. అందుకే నా ఓటు డ్యూయల్‌కే.

ఫ్లోర్ కింద మాస్టర్ సిలిండర్‌తో ఇంకో రెండు విషయాలు. ఒకటి, సిస్టమ్‌లో కొంచెం ప్రెజర్ నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వ్ ఉందో లేదో చూడాలి. డ్రమ్ బ్రేకులకి అది దాదాపు 10 పీఎస్ఐ. వీల్ సిలిండర్ కప్పులు వదులవకుండా, గాలి లోపలికి రాకుండా అది కాపాడుతుంది. పాత సిలిండర్‌లో అది లోపలే ఉండవచ్చు, కొత్తదానికి విడిగా పెట్టాల్సి రావచ్చు. రెండు, ఆయిల్ చూడాలంటే ఫ్లోర్ మీద మూత తీయాలి. కష్టం కదా అని ఎవరూ చూడరు. నెలకోసారి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

బిగించాక టెస్టింగ్

ముందు గాలి తీయాలి. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరకి రావాలి. స్టీరింగ్ ఎడమ వైపు ఉన్న ఈ బండికి అయితే వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. తర్వాత బండి నిలిపి ఉంచి పెడల్‌ని ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టుకోవాలి. మెల్లగా కిందకి దిగితే ఎక్కడో లీక్ ఉన్నట్టే. స్పాంజ్‌లా మెత్తగా ఉంటే గాలి మిగిలినట్టే.

ఆ తర్వాత ఖాళీ స్థలంలో, 15, 20 స్పీడ్‌లో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. ఒక పక్కకి లాగుతోందా? ఒక్కో డ్రమ్ ఎంత వేడెక్కింది? ఇక్కడ మన గ్యాడ్జెట్ పనికొస్తుంది: ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. ముందు రెండు డ్రమ్ముల వేడి దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి బాగా చల్లగా ఉంటే అది పనిచేయడం లేదు. ఒకటి మాడిపోతుంటే అది వదలడం లేదు.

టైర్లని మర్చిపోవద్దు. ఆ కాలం సన్నటి బయాస్ ప్లై టైర్లకి పట్టు పరిమితం. బ్రేకులు ఎంత గొప్పవైనా చివరికి బండిని ఆపేది రోడ్డుకి ఆనే రబ్బరే.

ఫైనల్‌గా ఏది తీసుకోవాలి?

కటాఫ్ 1940లు, ఊళ్లో నెమ్మదిగా తిరిగే బండి: 1940–48 ఫోర్డ్ హైడ్రాలిక్స్, ఓపిగ్గా సెట్ చేసుకుంటే చాలు. ట్యూన్ చేసిన ఇంజిన్, హైవే మీద నడపాలి: లింకన్ లేదా ఎఫ్-1 బెండిక్స్. కటాఫ్ 1960కి దగ్గర, కొండ రోడ్లు కూడా ఎక్కాలి: ముందు బ్యూక్ డ్రమ్ములు. మూడింటికీ కామన్: కొత్త రబ్బరు, కొత్త లైనింగ్, కొత్త పైపులు, పనిచేసే హ్యాండ్ బ్రేకు, వీలైతే డ్యూయల్ మాస్టర్ సిలిండర్.

‘మాకెందుకు బ్రో ఇదంతా, మా ఇంట్లో హాట్ రాడ్ లేదు’ అంటారా? నాన్నగారి పాత బుల్లెట్, తాతయ్య అంబాసిడర్ షెడ్‌లో ఉందేమో చూడండి. వాటిదీ డ్రమ్ బ్రేకుల కథే. మన దగ్గర 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బైకులకి ఏబీఎస్ తప్పనిసరి. మీ కొత్త బైక్‌లో కంప్యూటర్ చూసుకునే పనిని ఆ పాత బండిలో మీ కాలు, ఓ రెండు షూలు, కొంచెం ఆయిల్ చూసుకోవాలి. షెడ్‌లోంచి తీసి కిక్ కొట్టే ముందు డ్రమ్ విప్పించండి. ఇంజిన్ స్టార్ట్ అవ్వకపోతే మహా అయితే తోసుకుంటూ వస్తాం. బ్రేకు సంగతి అలా కాదు కదా.

మీ షెడ్‌లో ఏ పాత బండి ఉందో, దాని బ్రేకులు ఎలా ఉన్నాయో కామెంట్లలో చెప్పండి.